జపనీస్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెట్టుకుంటాను. నాగోల్‌లో ఇల్లు, రాయదుర్గంలో ఉద్యోగం, వయసు ఇరవై తొమ్మిది, ఆఫీసులో ఈమధ్యే జపాన్ క్లయింట్ ప్రాజెక్టులో వేశారు. ఈ వయసులో భాష వస్తుందా, ఎన్నాళ్ళు పడుతుంది, రోమన్ లిపిలో నేర్చుకుంటే సరిపోదా, చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు తప్పవా, కోచింగ్‌లో చేరాలా, డిసెంబర్‌లో ఏ పరీక్ష రాయాలి అన్నారు. నర్సింగ్ పూర్తిచేసిన మీ చెల్లెలికి ఏ పరీక్ష అవసరమో కూడా అడిగారు. చివర్లో ఇంకో ముక్క కలిపారు: "నా ఇంగ్లీషు గ్రామర్ అంతంతమాత్రం, ముందు అది బాగుచేసుకుని తర్వాత జపనీస్ మొదలుపెట్టమంటారా?"

ఆ చివరిదాంతో మొదలుపెడతాను. అక్కర్లేదు. నేను వారమంతా జపాన్ క్లయింట్లకీ ఇక్కడి టీములకీ మధ్య బ్రిడ్జ్ ఇంజినీరుగా పనిచేస్తాను, శని ఆదివారాలు జపనీస్ చెప్తాను. ఇంగ్లీషు మీడియంలో గట్టిగా చదివినవాళ్ళు క్లాసులో ఏం చేస్తారో చాలాసార్లు గమనించాను. జపనీస్ వాక్యం కనబడగానే దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుతారు, అక్కడ అది తలకిందులవుతుంది. అర్థం కోసం మళ్ళీ తెలుగులోకి తిప్పుకుంటారు, అప్పుడు మొదట ఉన్న వరసలోకే వచ్చి నిలబడుతుంది. మధ్యలో ఆ మజిలీ దేనికి?

"నిన్న కొన్న పుస్తకం" అనండి. జపనీస్‌లో అది "కినో కత్త హొన్". కినో అంటే నిన్న, కత్త అంటే కొన్న, హొన్ అంటే పుస్తకం. ఒక్క ముక్క కూడా చోటు మారలేదు. "రేపు వస్తానని అన్నాడు" అంటే "అషిత కురు తొ ఇత్త". మన వాక్యంలో ‘అని’ ఎక్కడుందో సరిగ్గా అక్కడే వాళ్ళ ‘తొ’ ఉంది. మనకి విభక్తులు మాట వెనకాల వస్తాయి, వాళ్ళకీ అంతే: పుస్తకాన్ని అనడానికి "హొన్ ఒ", హైదరాబాద్ నుంచి అనడానికి "హైదరాబాద్ కర", స్నేహితుడితో అనడానికి "తొమొదచి తొ". ఆ చివరిది మన ‘తో’లా వినబడటం కేవలం యాదృచ్ఛికం. జపాన్ భాషావేత్త సుసుము ఓనొ తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని పెద్ద వాదనే నడిపారు గానీ, తోటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం సంగతి వాళ్ళు తేల్చుకుంటారు, మన చదువుకి పోలిక చాలు.

మొదటి కొన్ని నెలల్లో అందరినీ బెదరగొట్టేది ‘తె’ రూపం. దాని గురించి ఇంగ్లీషులో పేజీలకి పేజీల వివరణ ఉంటుంది. మీకు ఒక్క వాక్యం చాలు: లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, ఆఫీసుకి వెళ్ళాను. "ఒకితె, కఒ ఒ అరత్తె, అసగొహన్ ఒ తబెతె, కైష ని ఇకిమష్త." లేచి అన్నది ఒకితె, కడుక్కుని అన్నది అరత్తె, తిని అన్నది తబెతె. స్కూల్లో తెలుగు మాస్టారు క్త్వార్థకం అని చెప్పింది ఇదే. పోలిక ఇక్కడితో ఆగిపోదు. "తిని చూడు" అంటే కళ్ళతో చూడమని కాదు కదా, వాళ్ళూ "తబెతె మిరు" అంటారు, మిరు అంటే చూడటమే. "టికెట్లు కొని పెట్టు" అనేచోట "కిప్పు ఒ కత్తె ఒకు", ఒకు అంటే పెట్టడమే. "తినేశాను"లో ‘ఏశాను’ ఏం చేస్తుందో "తబెతె షిమత్త"లో షిమత్త అదే చేస్తుంది: పని అయిపోయింది, ఇక వెనక్కి రాదు, ఒక్కోసారి అయ్యో అన్న ధ్వని కూడా ఉంటుంది. ఇంట్లోంచి బయల్దేరుతూ జపాన్‌వాళ్ళు అనే "ఇత్తె కిమస్"కి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క పుస్తకాలు తంటాలు పడతాయి. మనకి అది "వెళ్ళొస్తాను". ఉత్తినే "వెళ్తున్నా" అంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఊరుకోరు కూడా.

ఇంకోటి. నాకు జపనీస్ వచ్చు, నాకు పిల్లులంటే ఇష్టం, నాకు తమ్ముడు ఉన్నాడు. ఇంగ్లీషులో ఆలోచించే మనిషి ‘ఐ’ అనే కర్తని పట్టుకుని, భాషనీ పిల్లినీ తమ్ముణ్ణీ కర్మల్ని చేసి ‘ఒ’ తగిలిస్తాడు. తప్పు. "నిహొంగొ గ వకరిమస్", "నెకొ గ సుకి దెస్", "ఒతోతొ గ ఇమస్" అనాలి. మూడింటికీ ‘గ’. ఆ వాక్యాల్లో నేను చేసిన పనంటూ ఏమీ లేదు, భాష నాకు వస్తుంది, ఇష్టం నాకు ఉంటుంది. ‘నాకు’ అని ఆలోచించే తెలుగువాళ్ళు ఇక్కడ పొరపాటు పడరు, ఇంగ్లీషు మధ్యలోకి వస్తేనే పడతారు. మాట వెనకాల వచ్చే ‘వ’, ‘గ’లకి తేడా ఏమిటని అందరూ అడుగుతారు, అదీ ఇలాగే పట్టుకోండి. "ఎవరొచ్చారు?" అని అడిగితే "రవి వచ్చాడు" అంటాం, ఒత్తు రవి మీద పడుతుంది, అది ‘గ’. "రవి ఏడీ?" అంటే "రవి అయితే ఇందాకే వెళ్ళిపోయాడు" అంటాం, అది ‘వ’. "నేనేమో కాఫీ, వాడేమో టీ" అన్నా ‘వ’లే. ఈ మూడు తెలుగు వాక్యాలు మనసులో ఉంచుకుంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. మిగిలిన సూక్ష్మాలు చదవగా చదవగా తెలుస్తాయి.

తెలుగు కాలికి అడ్డం పడే చోట్లూ ఉన్నాయి, అవి మీకు ముందే తెలియాలి. మనకి ఒకటే ‘లో’. వాళ్ళకి రెండు. హైదరాబాద్‌లో ఉంటాను అంటే ‘ని’, హైదరాబాద్‌లో పనిచేస్తాను అంటే ‘దె’. ఉండటానికి ఒకటి, ఏదో ఒక పని జరగడానికి ఇంకోటి. ‘ఇవ్వడం’ దగ్గర ఇంకా ఎక్కువ తడబడతాం. నేను ఒకరికి ఇస్తే ‘అగెరు’, ఎవరైనా నాకు ఇస్తే ‘కురెరు’. స్నేహితుడు నాకు పుస్తకం ఇచ్చాడు అనడానికి "తొమొదచి గ హొన్ ఒ కురెత" అనాలి, అక్కడ అగెత పెట్టకూడదు. మనకి ఇచ్చాను, ఇచ్చాడు, ఇచ్చింది అన్నీ ఒకే క్రియ కాబట్టి ఈ తేడా చెవికి ఆనదు. దీనికి చిట్కా ఏమీ లేదు, వాక్యాలు వాక్యాలుగా బట్టీ పట్టడమే. మూడోది ‘మీరు’. పుస్తకంలో ‘అనత’ అంటే మీరు అని చూసి క్లయింట్‌ని అనత అనకండి. మనిషి పేరుకి ‘సన్’ చేర్చి పిలవండి, లేదా అసలు ఏ సర్వనామమూ లేకుండా వదిలేయండి. జపనీస్ క్రియకి నేను, నువ్వు, వాడు అన్న తేడా లేదు, అయినా కర్తని వదిలేస్తారు. ఎవరి గురించో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మీటింగుల్లో మొదటి ఆరు నెలలు మీరు ఎక్కువగా ఇబ్బంది పడేది దీనితోనే.

ఇక రోమన్ లిపి. వద్దు, మొదటి వారం తర్వాత అసలే వద్దు. కారణం తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఇంగ్లీషు ‘టి’, ‘డి’ అక్షరాలు చూస్తే మన నాలుక తనంతట తానే ట, డ అంటుంది. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు స్నేహితుణ్ణి "టొమొడాచి" అని చదువుతారు. బోర్డు మీద తెలుగులో "తొమొదచి" అని రాస్తే అదే మనిషి నోట్లోంచి ఏ తేడా లేకుండా జపనీస్ వస్తుంది. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనకి ఒకటో తరగతికే వచ్చేశాయి. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే నాయనమ్మో అమ్మమ్మో. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే తాగే బీరే. ఒతొ అంటే చప్పుడు, ఒత్తొ అంటే మొగుడు. రోమన్‌లో రాసుకుంటే ఈ తేడాలు చాలావరకు కంటికి ఆనవు.

కొంచెం ఛందస్సు గుర్తుంటే ఇంకా సుఖం. జపనీస్‌లో మాట పొడవు కొలిచేది మాత్రలతోనే. ని-ప్-పొ-న్ అని నాలుగు, తో-క్యో అన్నది కూడా దీర్ఘాలతో కలిపి నాలుగు. మన లెక్కలో చూసినా నిప్పొం రెండు గురువులు, తోక్యో రెండు గురువులు, నాలుగేసి మాత్రలు. హైకూలో ఐదు, ఏడు, ఐదు అని లెక్కపెట్టేది ఈ మాత్రలనే. వాళ్ళ ‘న్’ అక్షరం అచ్చం మన సున్నా. గంగలో ఒకలా, పందిలో ఒకలా, కంబళిలో ఒకలా సున్నా ఎలా పలుకుతుందో, అదీ తర్వాతి హల్లుని బట్టి అలాగే మారుతుంది. దీనికి వేరే నియమాలు కంఠస్థం చేయక్కర్లేదు, సున్నా పెట్టి చదివేయండి.

నోరు తిరగనివి రెండే. ‘త్సు’ని చాలామంది ‘సు’ అనేస్తారు. అప్పుడు చందమామ, అంటే త్సుకి, కాస్తా ఇష్టం, అంటే సుకి, అయిపోతుంది. చుక్క, చలి అన్నప్పుడు మన ఊళ్ళలో పలికే ౘ ఉంది చూడండి, అదే. అలాగే "అరిగతో గొౙైమస్"లో ఉన్నది జడలోని ౙ, జీతంలోని జ కాదు. బడి తెలుగులో ఈ అక్షరాలు కనబడటం లేదు గానీ పలుకు మన ఇళ్ళలో ఇంకా ఉంది. మీ అమ్మమ్మ "చాలు" అన్నప్పుడు ఒకసారి చెవి పెట్టి వినండి. ఇక చివరి ఉకారాన్ని నొక్కకండి. బస్సు, రోడ్డు అని పరాయి మాటకి ఉకారం తగిలించుకోవడం మనకీ ఉంది, వాళ్ళకీ ఉంది, వాళ్ళది బసు, హొతెరు. కానీ దెసు అని రాసి దెస్ అంటారు, అషిత అని రాసి దాదాపు అష్త అంటారు. స్వరం ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అన్నది కూడా ఒక విద్యే. వాన, మిఠాయి రెండూ ‘అమె’నే, స్వరంతోనే తేడా. కానీ మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. సందర్భంలో అర్థమైపోతుంది.

లిపుల్లో హిరగన, కతకన రెండూ మన అక్షరాల్లా పలుకుని రాసేవి, ఒక్కోదానికి 46 మూల అక్షరాలు. గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి ఇది రెండు మూడు వారాల పని. వరస చూడండి: అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల క్రమం కనబడుతోంది కదా. బౌద్ధ భిక్షువులు సంస్కృతం రాసే ‘సిద్ధం’ అనే లిపి చదువుకున్న ప్రభావం అది. ప ఉండాల్సినచోట హ ఎందుకుందంటే, పూర్వం ఆ వరసని ‘ప’ అనే పలికేవారు.

కాంజీ తప్పదు. ఆఫీసు మెయిల్ ఒక్కటి తెరిచినా తెలిసిపోతుంది. నిత్య వాడకానికని జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జోయో జాబితాలో 2,136 ఉన్నాయి, వాటిలో 1,026 ప్రాథమిక బడిలోనే నేర్పుతారు. అంకె చూసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి బాధపెట్టేది అంకె కాదు, ఒక్కో అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు ఉండటం. ఎప్పుడు ఏది చదవాలి? తెలుగువాళ్ళకి దీని గుట్టు ముందే తెలుసు. నిప్పు అనే కాంజీ ఒంటరిగా ఉంటే ‘హి’, కొండ అనే కాంజీ ఒంటరిగా ఉంటే ‘యమ’. ఇవి జపాన్ సొంత మాటలు, కున్ చదువు అంటారు. రెండూ పక్కపక్కన చేరితే ‘కౙన్’, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ, ఓన్ చదువు. మనమూ విడిగా నిప్పు అంటాం, కొండ అంటాం, కలిపితే అగ్నిపర్వతం అంటాం. నీళ్ళు విడిగా ‘మిౙు’, సమాసంలో ‘సుయ్’. టోక్యోలో మంచినీళ్ళ సరఫరా చూసే ఆఫీసు పేరు సుయ్‌దో క్యొకు. హైదరాబాద్‌లో నల్లా రాకపోతే మనం ఫోన్ చేసేది జలమండలికి, నీళ్ళమండలికి కాదు కదా. అచ్చ తెలుగు, సంస్కృతం మన నోట్లో ఎలా వాటాలు పంచుకున్నాయో, కున్, ఓన్ చదువులు అలాగే పంచుకున్నాయి. సగం అది, సగం ఇది కలిపిన మాటలు కూడా ఉన్నాయి, వాటికి జూబకొ చదువు, యుతో చదువు అని పేర్లు పెట్టుకున్నారు. మన పండితులు దుష్టసమాసమని విసుక్కునే రకం.

కాబట్టి ఒక్కో కాంజీకి ఉచ్చారణల పట్టిక బట్టీ పట్టడం దండగ. మాట నేర్చుకోండి, ఉచ్చారణ దాంతోపాటు వస్తుంది. నిప్పు కాంజీ ఎదురైతే హి, కౙన్, మంగళవారం అనే ‘కయోబి’ అని మూడు మాటలు రాసుకోండి, పని అయిపోతుంది. రెండొందలు మూడొందలు దాటాక అక్షరాల లోపలి ముక్కలు కనబడటం మొదలవుతుంది. ‘నీలం’ అనే కాంజీ ఉంది. దాని ఎడమన నీటి గుర్తు చేరితే నిర్మలం, సూర్యుడు చేరితే తేటగా ఉన్న ఆకాశం, ‘మాట’ గుర్తు చేరితే అర్థించడం. ఓన్ చదువులో అన్నిటికీ ఒకటే పలుకు, ‘సే’. ఎడమ ముక్క అర్థం చెప్తుంది, కుడి ముక్క పలుకు చెప్తుంది. అన్ని కాంజీలూ ఇంత బుద్ధిగా ఉండవు గానీ, చాలా ఉంటాయి. అందుకే మొదటి మూడొందలతో పోలిస్తే తర్వాతి మూడొందలు తేలిక.

చేత్తో రాయాలా? మొదటి మూడొందల దాకా రాయండి. కోఠీలోనో అబిడ్స్‌లోనో చిన్నపిల్లల లెక్కల గళ్ళ నోటుబుక్కు దొరుకుతుంది, గడికొక అక్షరం. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి అన్న గీతల క్రమం పాటించండి, లేకపోతే తర్వాత చేతిరాత చదవలేరు. ఆ తర్వాత గుర్తుపట్టడం, టైపు చేయడం వస్తే చాలు. ఉద్యోగంలో మీ చేత కాంజీ రాయించేవాళ్ళు ఎవరూ ఉండరు.

కాలం సంగతి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి జపనీస్ నేర్పడానికి 2,200 క్లాసు గంటలు లెక్కవేస్తుంది. ఈ అంకె అందరూ చెప్పి భయపెడతారు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క, వ్యాకరణమంతా తిరగేసి నేర్చుకోవాల్సినవాళ్ళది. 2010కి ముందు జేఎల్‌పీటీకి, అంటే జపనీస్ ప్రావీణ్య పరీక్షకి, నాలుగే స్థాయిలు ఉండేవి. అప్పుడు ఇచ్చిన సూచన ప్రకారం అడుగు స్థాయికి 150 గంటలు, 100 కాంజీలు, 800 మాటలు. దాని పైదానికి 300 గంటలు, 300 కాంజీలు, 1,500 మాటలు. ఆ పైన 600 గంటలు, అన్నిటికన్నా పైదానికి 900. ఇప్పుడు ఐదు స్థాయిలు, ఎన్5 అడుగుది, ఎన్1 అన్నిటికన్నా పైది. పాత అడుగు రెండూ ఇప్పటి ఎన్5, ఎన్4కి దగ్గర. రోజుకి గంట చొప్పున కూర్చుంటే మీకు ఏడాది లోపు ఎన్4 వస్తుంది. ఎన్3కి ఇంకో ఏడాది. ఎన్2కి మాత్రం 600 గంటలు చాలవు, కాంజీ మాటలు అక్కడ ఒక్కసారిగా మీద పడతాయి. వయసు గురించి అడిగారు కదా, ఇరవై తొమ్మిది అడ్డమేమీ కాదు. సాయంత్రాలు ఖాళీ దొరక్కపోవడమే అడ్డం. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో రోజూ రెండు పూటలా మీకు దొరికే సమయం ఉంది. పొద్దున ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో మాటలు, సాయంత్రం చెవిలో పాఠం ఆడియో. వ్యాకరణానికి మాత్రం ఇంట్లో బల్ల ముందు కూర్చోవాలి, నిలబడి అది ఎక్కదు.

కోచింగ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మొదటి ఆరు నెలలు ఎవరో ఒకరి దగ్గర చేరండి, ఎందుకంటే ఉచ్చారణ తప్పులు మనకి మనం వినలేం. తార్నాకలో ఇఫ్లూ అనే భాషల విశ్వవిద్యాలయం ఉంది, ఉద్యోగస్తులకి కుదిరే పార్ట్‌టైమ్ కోర్సుల ప్రకటనలు గమనించండి, మీ మెట్రో దారిలోనే. ప్రైవేటు చోట్ల చేరేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. టీచర్ బోర్డు మీద రోమన్ లిపి రాస్తుంటే లేచి వచ్చేయండి. "మూడు నెలల్లో ఎన్3" అన్న బోర్డు కనబడితే అసలు మెట్లే ఎక్కకండి. పుస్తకం ఇక్కడ ఎక్కువగా వాడేది మిన్నా నో నిహొంగొ, ప్రాథమిక స్థాయి రెండు భాగాలు కలిపి 50 పాఠాలు. అసలు పుస్తకమంతా జపనీస్‌లోనే ఉంటుంది, అర్థాలకి విడిగా ఇంకో పుస్తకం కొనాలి, అది మర్చిపోకండి. డబ్బు పెట్టలేకపోతే జపాన్ ఫౌండేషన్ వారి ఇరొదొరి పాఠ్యపుస్తకం ఉచితంగా దించుకోవచ్చు, ఆడియోతో సహా. ఫోన్ ఆటల యాప్‌లు కాలక్షేపానికి బాగుంటాయి. అనిమే చూడండి, చెవికి మంచిది. కానీ అక్కడి హీరోలు తమని తాము ‘ఒరె’ అనీ ఎదుటివాణ్ణి ‘ఒమఎ’ అనీ అంటారు, ఆ రెండూ ఆఫీసు గుమ్మం దాటనివ్వకండి.

మాట్లాడటానికి జపాన్ మనిషే దొరకాలని ఎదురుచూడొద్దు. పాఠం ఆడియో పెట్టి, వాళ్ళ గొంతు వెనకాలే అర క్షణం తేడాతో మీరూ పైకి చదవండి. రోజుకి పది నిమిషాలు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీ ప్రాజెక్టుకి అన్నిటికన్నా ముందు అవసరమయ్యేది మర్యాద భాష. ఇదీ తెలుగులో పట్టుకుంటే లొంగుతుంది. వాళ్ళ ‘ఒష్షరు’ మన సెలవివ్వడం, ‘మోసు’ మనవి చేయడం, పని ఒకటే, ఎవరు చెప్తున్నారన్నదే తేడా. ‘ఇరష్షరు’ అన్నది రావడానికీ వెళ్ళడానికీ ఉండటానికీ గౌరవంగా వాడే మాట, మన ‘దయచేయండి’ని రమ్మనడానికీ పొమ్మనడానికీ వాడతాం చూడండి, అలాగ. కానీ ఒకచోట మన సంస్కారం బెడిసికొడుతుంది. మన మేనేజర్ గురించి బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మనం ‘గారు’ తీయం, తీస్తే అమర్యాద. జపాన్‌లో క్లయింట్ ముందు మన కంపెనీ మనిషి మనవాడు, కాబట్టి ‘సన్’ తీసేయాలి. మీ మేనేజర్ పేరు రెడ్డి అయితే క్లయింట్‌తో "రెడ్డి వస్తారు" అన్న అర్థంలో "రెద్ది గ మైరిమస్" అనాలి, అదీ తగ్గించి చెప్పే క్రియతో. మొదటిసారి నోరు రాదు.

ఇంకో సంగతి కూడా మీటింగుల్లో పనికొస్తుంది. మీరు ఏదో ప్రతిపాదిస్తారు, అవతలివాళ్ళు తలూపి "కెంతో షిమస్" అంటారు. పరిశీలిస్తాం అని నిఘంటువు చెప్తుంది. దాన్ని పట్టుకుని మీ టీమ్ వచ్చే వారం నుంచి పని మొదలుపెట్టకూడదు. పెళ్ళి సంబంధం నచ్చనివాళ్ళు "చూద్దాం లెండి" అంటారే, తరచుగా అది ఈ బాపతు. తేదీ చెప్పారా, ఎవరు చూస్తారో పేరు చెప్పారా అన్నది గమనించండి. రెండూ లేకపోతే కాదన్నట్టే లెక్కవేసుకోండి.

మీ చెల్లెలికి దారి వేరు. నైపుణ్యం ఉన్న కార్మికుల కోసం జపాన్ 2019 ఏప్రిల్‌లో తెచ్చిన వీసాలో వృద్ధుల సంరక్షణ పని ఒకటి. దానికి ఎన్4 అయినా ఉండాలి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అనే కంప్యూటర్ పరీక్షలో 250కి 200 అయినా రావాలి. పైగా సంరక్షణ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష, ఆ పని మాటల మీద ఇంకో భాషా పరీక్ష ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవాళ్ళకి భాష నేర్పి జపాన్ పంపే కార్యక్రమం నడుపుతోంది, ముందు అక్కడ కనుక్కోమనండి. దళారులకి లక్షలు కట్టే పని పెట్టుకోవద్దు. ఒక్కటి మాత్రం ముందే చెప్పండి, అది సంరక్షణ పని, ఆసుపత్రి నర్సు ఉద్యోగం కాదు. జపాన్‌లో నర్సుగా చేయాలంటే వాళ్ళ జాతీయ పరీక్ష వేరే రాయాలి.

ఇక మీ పరీక్ష. జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లు, జూలైలోనూ డిసెంబర్‌లోనూ మొదటి ఆదివారం. దరఖాస్తులు నెలల ముందే తీసుకుంటారు, సీట్లు తొందరగా నిండిపోతాయి కాబట్టి ప్రకటన వచ్చిన వారంలోనే కట్టేయండి. ఈ డిసెంబర్‌కి ఎన్5 రాయండి, కానీ దాన్ని రెజ్యూమేలో పెట్టుకోవడానికి కాదు. కంపెనీలు చూసేది ఎన్3 నుంచి, గట్టిగా అడిగేది ఎన్2. ఎన్5 వల్ల లాభం పరీక్ష తీరు తెలియడం. మాట్లాడటం, రాయడం ఇందులో ఉండవు, అన్నీ నాలుగు జవాబుల్లోంచో మూడింట్లోంచో ఒకటి ఎంచుకునేవే, తప్పుకి మార్కు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. 180కి 80 వస్తే ఎన్5 పాసు, ఎన్4కి 90. అయితే మొత్తం వచ్చినా వినికిడిలో 60కి 19 రాకపోతే ఫెయిలే. మనవాళ్ళు వ్యాకరణంలో నిండా మార్కులు తెచ్చుకుని ఇక్కడ పోగొట్టుకుంటారు. ఆడియో ఒక్కసారే వేస్తారు, ఒక ప్రశ్న తప్పిపోయిందని దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి రెండూ పోతాయి. ఏదో ఒక బుడగ నింపేసి ముందుకి పొండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఆడియో వెనక్కి తిప్పకుండా చేయండి, చెవిలో ఇయర్‌ఫోన్లు లేకుండా, ఫ్యాను తిరుగుతున్న గదిలో స్పీకర్ మీద. పరీక్ష హాల్లో దాదాపు అలాగే వినబడుతుంది. హెచ్‌బీ పెన్సిళ్ళు రెండు మూడు చెక్కి తీసుకెళ్ళండి, పెన్ను పనికిరాదు.